పాటని కాగితం మీద పెట్టినాయన

తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఎట్టయపురం అని ఒక చిన్న ఊరు ఉంది. మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. 1904లో ఆ ఊళ్లో ఒక పుస్తకం అచ్చయింది. రెండు భాగాలు, దాదాపు 1700 పేజీలు. రాసినాయన తమిళుడు, అచ్చయింది తమిళ దేశంలో, పుస్తకం మాత్రం తెలుగులో ఉంది. పేరు సంగీత సంప్రదాయ ప్రదర్శిని. రాసినాయన సుబ్బరామ దీక్షితులు.

సంగీతం నేర్చుకునేవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. మిగతావాళ్లకి దీక్షితులు అంటే ముత్తుస్వామి దీక్షితులే గుర్తొస్తారు, త్యాగరాజు, శ్యామశాస్త్రులతో కలిపి త్రిమూర్తులు అంటారు కదా, ఆయన. కానీ ఆ ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఇవాళ ఇంత నమ్మకంగా పాడుకోగలుగుతున్నామంటే దానికి చాలావరకు కారణం ఈ రెండో దీక్షితులు. ఆ సంగతి ఎందుకో ఎక్కువమంది చెప్పుకోరు.

ముందు ఈ చుట్టరికం అర్థం చేసుకోవాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది. ముత్తుస్వామి దీక్షితులకి ఇద్దరు తమ్ముళ్లు. చిన్నవాడు బాలుస్వామి దీక్షితులు. మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని, దాన్ని మన సంగీతంలోకి తెచ్చిన మొదటివాళ్లలో ఒకరు. ఇవాళ ఏ కచేరీలో చూసినా గాయకుడి పక్కన వయొలిన్ ఉంటుంది కదా, ఆ దారి వేసింది ఈయనే. ఆయన ఎట్టయపురం ఆస్థానంలో విద్వాంసుడిగా స్థిరపడ్డారు. తమ్ముణ్ణి చూడటానికి ముత్తుస్వామి దీక్షితులు కూడా అక్కడికి వచ్చి, 1835 దీపావళి రోజున అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

సుబ్బరామ దీక్షితులు పుట్టింది 1839లో. అంటే ముత్తుస్వామి దీక్షితులు పోయిన నాలుగేళ్లకి. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు కొంచెం భయం వేసింది. ఎవరి పాటల్ని రాసిపెట్టి లోకానికి ఇచ్చారో, ఆయన గొంతు ఈయన ఒక్కసారి కూడా వినలేదు. మధ్యలో ఉన్నది బాలుస్వామి ఒక్కరే. ఈయన బాలుస్వామి కూతురి కొడుకు. తాతయ్యే చిన్నప్పుడే దత్తత తీసుకుని, ఎట్టయపురం తీసుకెళ్లి వీణ, పాట నేర్పించారు. సంస్కృతం, తెలుగు కూడా అక్కడే చదువుకున్నారు. ఆ తాతయ్య 1859లో పోయేసరికి మనవడికి ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర ఒక కుటుంబం సంగీతం మొత్తం మిగిలింది. కొంత ఇంట్లో ఉన్న తాళపత్రాల్లో, ఎక్కువ భాగం గొంతులో, వేళ్లలో. అది కాగితం మీదకి రావడానికి ఇంకా నలభై ఏళ్లు పట్టింది. ఈ నలభై ఏళ్లలో ఏదో ఒక జ్వరం వచ్చి ఆయన పోయి ఉంటే? మన భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని సర్వర్.

చిన్నతనం గురించి ఒక కథ చెప్తారు. పదిహేడో ఏట ఆయన దర్బార్ రాగంలో తెలుగులో ఒక తానవర్ణం కట్టి రాజుగారి ముందు పాడారు. రాజుగారికి నచ్చింది, సన్మానం చేశారు. కానీ అనుమానం కూడా వచ్చింది. ఇంత చిన్నవాడు ఇంత పక్కాగా ఎలా కడతాడు, తాతయ్య కట్టి ఇచ్చాడేమో అని. అందుకని యమునా రాగంలో ఒక జతిస్వరం కట్టమని, అది ఎలా ఉండాలో షరతులు కూడా పెట్టి పరీక్షించారు. కుర్రాడు అక్కడే కట్టి చూపించాడు. తర్వాత కొన్నాళ్లకే ఆస్థాన విద్వాంసుడయ్యాడు.

పాటలు రాసే ఫ్రెండ్స్ మన క్లబ్బులోనూ ఉన్నారు కాబట్టి ఇక్కడ ఒక్క మాట. ఖాళీ పేజీ ముందు కూర్చుని ఏం రాయాలో తోచక గంటలు పోగొట్టుకునేవాళ్లకి ఈ షరతుల పద్ధతి బాగా పనికొస్తుంది. రాగం ఇది, మొదలయ్యే స్వరం ఇది, ఇన్ని ఆవర్తాల్లో ముగియాలి అని ముందే గీత గీసుకుంటే చెయ్యి కదులుతుంది. ఈ కుటుంబంలో అది తరతరాల అలవాటు. ముత్తుస్వామి తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళ మాలిక అని ఒక పెద్ద రచన చేశారు. అందులో ఒక్కో భాగంలో ఆ రాగం పేరు మాటల్లో కలిసిపోయి ఉంటుంది. ముత్తుస్వామి కూడా చాలా కృతుల్లో రాగం పేరుని సాహిత్యంలో దాచారు, అర్థం చెడకుండా. మనం సినిమా ట్యూనుకి ఒక్క ప్రాస కుదర్చడానికే తంటాలు పడతాం!

తర్వాత నలభై ఏళ్లు ఆయన జీవితం ఆస్థానంలో గడిచింది. వర్ణాలు, కృతులు, రాగమాలికలు కట్టారు, శిష్యులకి చెప్పారు, వేరేవాళ్లు రాసిన పాటలకి వరసలు కట్టారు. శంకరాభరణంలో ఆయన కట్టిన శంకరాచార్యం అనే కృతి ఇప్పటికీ కచేరీల్లో వినిపిస్తుంది. ఇక్కడ నేను తొందరగా ముందుకి వెళ్లిపోతున్నాను, ఎందుకంటే అసలు విషయం ఆయనకి అరవై ఏళ్లు వచ్చాక మొదలవుతుంది.

మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ అని ఒకాయన ఉండేవారు. క్రైస్తవుడు, ప్రభుత్వ సచివాలయంలో ఉద్యోగి. ఆయనకి ఒక పిచ్చి. కర్ణాటక సంగీతం మొత్తాన్ని యూరోపియన్ స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించాలని. అంటే ఐదు గీతలు, వాటి మీద చుక్కలు, ప్రపంచంలో ఎవరైనా చదవగలిగేట్టు. సొంత డబ్బు పెట్టి, త్యాగరాజ శిష్యుల దగ్గర పాటలు సేకరించి, 1890ల్లో పుస్తకం అచ్చు వేయడం మొదలుపెట్టారు. ఆ పనిలోనే కళ్లు దెబ్బతిన్నాయి. ముత్తుస్వామి దీక్షితుల కృతులు అసలు రూపంలో ఎట్టయపురంలోనే దొరుకుతాయని ఆయనకి తెలుసు. 1899లో జమీందారు పట్టాభిషేకానికి ఎట్టయపురం వెళ్లి, ఇవన్నీ స్వరాలతో సహా రాయించి అచ్చు వేయించమని జమీందారుని అడిగారు. జమీందారు ఒప్పుకుని దీక్షితులతో చెప్పారు.

చదువుతుంటే సింపుల్‌గా అనిపిస్తుంది, రాజు చెప్పాడు, ఆయన రాశాడు అని. కానీ ఆస్థాన విద్వాంసుడికి ఇంకొకరికి రాని పాటే ఆస్తి. అది ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో గురువు నిర్ణయిస్తాడు. అచ్చు వేస్తే ఆ నిర్ణయం చేతిలోంచి పోతుంది. పుస్తకం కొన్న ప్రతివాడూ పాడుకోవచ్చు, తప్పుగా కూడా పాడుకోవచ్చు. అరవై ఏళ్ల వయసులో ఆయన అన్నీ ఇచ్చేశారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 ఉన్నాయి అందులో. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే, ఏ వర్ణమూ కాదు.

ఇవ్వాలనుకోవడం ఒక ఎత్తు, ఎలా ఇవ్వాలన్నది ఇంకో ఎత్తు. సమస్య గమకం దగ్గర వస్తుంది. మన సంగీతంలో స్వరం ఒక చోట నిలబడదు. తోడి రాగంలో గాంధారాన్ని కీబోర్డు మీద ఒక మీట నొక్కి వాయించండి, అది తోడి అనిపించదు. ఆ స్వరం ఊగాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. స్టాఫ్ నొటేషన్‌లో దాన్ని రాయాలంటే ఒక్క స్వరానికి ఐదారు చుక్కలు పెట్టాలి. పేజీ నిండిపోతుంది, చదివేవాడికి అది ఊగుతున్న ఒక స్వరమా, ఆరు వేరే స్వరాలా అన్నది తెలియదు. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ గొడవ తెలిసే ఉంటుంది. మిడిలో నోట్ నంబర్ ఒకటి, పిచ్ బెండ్ వేరే. గమకాన్ని బెండ్ గీతగా గీసుకుంటూ కూర్చుంటే ఒక్క లైనుకి ఒక సాయంత్రం పోతుంది.

దీక్షితులు వేరే దారి పట్టారు. స్వరాన్ని స్వరంగానే రాసి, దాని పైన గమకానికి ఒక గుర్తు పెట్టారు. కంపితానికి అలలాంటి గీత. కింది నుంచి పైకి జారితే అటు ఎక్కే ఏటవాలు గీత, పై నుంచి కిందికి జారితే ఇటు దిగే గీత. స్ఫురితానికి మూడు చుక్కలు, ప్రత్యాహతానికి అవే మూడు చుక్కలు తలకిందులుగా. నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒడుక్కు, ఒరిక, ఒక్కోదానికి ఒక్కో గుర్తు. పుస్తకం మొదట్లో ఒక్కో గుర్తుకి అర్థం చెప్పారు, అది కూడా వీణ మీద వేలు ఏం చెయ్యాలో చెప్తూ. తీగని ఎక్కడ లాగాలి, ఏ మెట్టు మీద వేలు ఉంచి ఏ స్వరం పలికించాలి, ఇలా. అంటే ఆయన శబ్దాన్ని బొమ్మ గీయలేదు, చెయ్యాల్సిన పనిని రాశారు. గుర్తు ఒక ఫంక్షన్ పేరు లాంటిది. పిలిస్తే ఏం జరగాలో వీణ నేర్చుకున్న చేతికి తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం, సాహిత్యం క్లబ్బు కాబట్టి చెప్తున్నాను. తెలుగు లిపిలో హ్రస్వం, దీర్ఘం ఉండటం ఈ నొటేషన్‌కి చాలా కలిసొచ్చింది. స అంటే ఒక అక్షర కాలం, సా అంటే రెండు. రి, రీ. గ, గా. స్వరం, దాని కాలం రెండూ ఒకే అక్షరంలో వచ్చేస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు కామాలు పెట్టుకుంటూ పోవాలి. తమిళంలోనూ హ్రస్వ దీర్ఘాలు ఉన్నాయి, కాబట్టి ఇది తెలుగు ఒక్కదాని గొప్ప అని చెప్పను. కానీ దీక్షితుల కృతులు ఎక్కువ సంస్కృతంలో ఉంటాయి. గ, ఘ, ద, ధ తేడాలు తమిళ లిపిలో విడిగా కనపడవు, తెలుగులో కనపడతాయి. పైగా అప్పట్లో దక్షిణాదిలో సంగీతం నేర్చుకునేవాళ్లు తెలుగు చదవగలిగేవాళ్లు. మద్రాసులో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు అప్పటికే తెలుగులో సంగీత పుస్తకాలు వేసి ఉన్నారు. ఎట్టయపురం జమీందార్లు కూడా తెలుగు మాట్లాడే నాయకర్ల వంశం. కట్టబొమ్మన్ కథలో వాళ్ల పూర్వీకుడు విలన్, తమిళంలో ఎట్టప్పన్ అంటే ఇప్పటికీ ద్రోహి అనే అర్థం. అదే సంస్థానం ఈ పుస్తకానికి డబ్బు పెట్టింది. తమ విద్యావిలాసిని ప్రెస్‌లో ఈ గుర్తులన్నీ అచ్చులో కూర్చారు. చేత్తో సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో ఒక్కో స్వరం మీదా ఒక్కో గుర్తు, 1700 పేజీలు. మనకి యూనికోడ్‌లో ఒక వత్తు సరిగా కనపడకపోతే విసుగొస్తుంది.

పుస్తకం అమరిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సంగీతం చెప్పేవాళ్లకి అందులో మంచి పాఠం ఉంది. వేంకటమఖి సంప్రదాయం ప్రకారం 72 మేళాల వరసలో రాగాలు వస్తాయి. ఒక్కో రాగానికి ముందు లక్షణం, ఏ స్వరాలు ఉంటాయి, ఎలా నడుస్తుంది అని. తర్వాత గీతం. దొరికిన చోట తానం. ఆ తర్వాత కృతులు. చివర సంచారి, అంటే ఆ రాగం వీధులన్నీ ఒకసారి తిప్పి చూపించే స్వరరచన. ఈ సంచారులు చాలావరకు ఆయనే కట్టారు. అంటే ఒక రాగం పేజీలు తెరిస్తే క్లాసు అంతా అక్కడే ఉంది. చాలామంది పిల్లలు ఒక రాగంలో నాలుగు కృతులు నేర్చుకుంటారు, కానీ మాటలు లేకుండా ఆ రాగం రెండు నిమిషాలు పాడమంటే ఆగిపోతారు. కృతికి ముందు గీతం, కృతి తర్వాత సంచారి పాడిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. పాట కట్టేవాళ్లకి కూడా అంతే. మాటలు మొదలుపెట్టే ముందు సొంతంగా ఒక చిన్న సంచారి రాసుకుంటే రాగం ఎటు వెళ్తుందో, ఎటు వెళ్లకూడదో తెలిసిపోతుంది.

నేర్చుకునేవాళ్లు ఈ పుస్తకాన్ని ఎలా వాడాలి అంటే, ముందు గుర్తులన్నీ వదిలేసి తాళం వేస్తూ ఉత్త స్వరాలు పాడుకోవాలి. కాలం కుదిరాక ఒక్కో గుర్తు ఒక్కో గమకంగా చేర్చుకుంటూ రావాలి. గమకం గురువు దగ్గరో, వీణ మీదో విని ఉండాలి. వినకుండా గుర్తు చూసి ఊపితే ఎక్కడైనా ఊపేయొచ్చు, అది గమకం అవ్వదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి 1700 పేజీలు ఎక్కువని ఆయనకీ తెలుసు. మరుసటి ఏడాది 1905లో ప్రథమాభ్యాస పుస్తకము అని మొదటి పాఠాల పుస్తకం విడిగా వేశారు. అరవై ఆరేళ్ల మనిషి, జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని అప్పుడే పూర్తయింది, వెంటనే కూర్చుని సరళీ స్వరాలు నేర్చుకునే పిల్లల కోసం రాశారు.

ప్రదర్శినిలో పాటలే కాదు, 76 మంది జీవిత చరిత్రలు కూడా ఉన్నాయి, శార్ఙ్గదేవుడి దగ్గర మొదలై ఆయన దాకా. ముత్తుస్వామి దీక్షితుల గురించి మనం వినే కథల్లో చాలావాటికి మూలం ఆ పేజీలే. సొంతింటి వాళ్ల గురించి రాసేటప్పుడు కొంచెం అభిమానం కలవదా అంటే కలుస్తుంది. అది దృష్టిలో పెట్టుకునే చదవాలి.

పుస్తకం వచ్చిన 1904లోనే బొంబాయి నుంచి భాత్‌ఖండే దక్షిణాది అంతా తిరుగుతూ ఎట్టయపురం వచ్చారు. హిందుస్తానీ సంగీతానికి పద్ధతి ప్రకారం పాఠ్యపుస్తకాలు తయారు చేసినాయన. దీక్షితుల దగ్గర కూర్చుని మాట్లాడి, వేంకటమఖి రాసిన చతుర్దండి ప్రకాశిక ప్రతి సంపాదించుకుని వెళ్లారు. తర్వాత ఆయన ఉత్తరాది రాగాలన్నిటినీ థాట్లుగా సర్దినప్పుడు ఈ మేళాల ఆలోచన ఆయన ముందు ఉంది.

సుబ్బరామ దీక్షితులు 1906లో పోయారు. పుస్తకం వచ్చిన రెండేళ్లకే. అదే ఊరివాడైన భారతి ఆయన మీద తమిళంలో ఒక స్మృతి పద్యం రాశారు. కొడుకు అంబి దీక్షితులు తర్వాత మద్రాసు వెళ్లి పాఠాలు చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో డి.కె. పట్టమ్మాళ్ ఒకరు. అలా పుస్తకంతో పాటు గొంతు దారి కూడా తెగిపోలేదు.

ఇచ్చాక ఏమైంది? ఆయన కోరుకున్నట్టు అందరూ అలాగే పాడారా అంటే, లేదు. 72 మేళాల్లో ఆయన పట్టుకున్న పాత పద్ధతి కాకుండా, ఆరోహణ అవరోహణల్లో ఏడు స్వరాలూ వరసగా ఉండే ఇంకో పద్ధతి పాఠశాలల్లో స్థిరపడింది. దాంతో కొన్ని దీక్షితుల కృతుల రాగాలు కూడా మారాయి. ఇంకోవైపు, ముత్తుస్వామి దీక్షితుల పేరుతో తర్వాత వందల కృతులు అచ్చయ్యాయి. అవి నిజంగా ఆయనవేనా అని వాదన వచ్చిన ప్రతిసారీ అడిగే మొదటి ప్రశ్న, ప్రదర్శినిలో ఉందా లేదా అని. లేకపోతే ఆయనది కాదని తేల్చేయడం న్యాయం కాదేమో. ఒక మనిషికి గుర్తున్నవే, ఒక ఇంట్లో మిగిలినవే అందులో ఉన్నాయి. కానీ ఉంటే మాత్రం ఎవరూ పెద్దగా వాదించరు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి దీన్ని తమిళ లిపిలో వేసింది. 1970ల్లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తెలుగులో మళ్లీ అచ్చు వేసింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు రూపం కూడా దొరుకుతుంది, కొంతమంది ఔత్సాహికులు గుర్తులతో సహా టైపు చేసి పెట్టారు.

ఒకసారి ఇది చేసి చూడండి. హంసధ్వనిలో వాతాపి గణపతి కృతి మనందరికీ తెలుసు, వినాయక చవితి పందిళ్లలో విని విని. ఇవాళ పాడే పద్ధతిలో పల్లవి ఒకటి తర్వాత ఒకటి సంగతులతో మెట్లు ఎక్కుతున్నట్టు పెరుగుతుంది. ఆ సంగతులు తర్వాతి కాలంలో మహావైద్యనాథ అయ్యర్ చేర్చారని చెప్తారు. ప్రదర్శినిలో అదే కృతి ఆ మెట్లు లేకుండా, నెమ్మదిగా, సాదాగా ఉంటుంది. స్వరాల కింద సాహిత్యం, పైన అలలు, ఏటవాలు గీతలు. తెలుగు చదవడం వస్తే ఆ పేజీకి అనువాదం అక్కర్లేదు.